కడప సీమలో కాంప్‌బెల్ సోదరులు: జమ్మలమడుగు మిషన్ చరిత్రలో పల్లె ప్రజల పాత్ర

వ్యాససంగ్రహం:
పందొమ్మిదో శతాబ్ది చివరి దశకాలలో ఐర్లాండ్ నుంచి కడప జిల్లాకు వచ్చిన విలియం హోవర్డ్ కాంప్‌బెల్, థామస్ విన్సెంట్ కాంప్‌బెల్ సోదరులు లండన్ మిషనరీ సొసైటీ పక్షాన పనిచేశారు. వారిలో పెద్దవాడు బోధకుడు, చిన్నవాడు వైద్యుడు. ఇద్దరూ ప్రకృతి పరిశీలకులే. వారి మతప్రచారం, వైద్యం, జీవశాస్త్ర సేకరణ అనే మూడు పనులూ పల్లె ప్రజల చొరవ మీదా, జ్ఞానం మీదా ఎంతగా ఆధారపడ్డాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: లండన్ మిషనరీ సొసైటీ, జమ్మలమడుగు, కాంప్‌బెల్ ఆసుపత్రి, మాలలు, సామూహిక మతాంతరీకరణ, కలివికోడి.

1. ఉపోద్ఘాతం

జమ్మలమడుగులో ‘కాంప్‌బెల్ ఆసుపత్రి’ అన్న పేరు నేటికీ వాడుకలో ఉంది. ఆ కాంప్‌బెల్ ఎవరో, అదే ఇంటిపేరు గల మరొకరు అంతకుముందే కడపలో ఎందుకున్నారో తెలుగులో వివరంగా రాసినవారు అరుదు. మిషనరీల గురించి మన చరిత్ర రచన రెండు మూసలలో సాగుతూ వచ్చింది. సంఘ చరిత్రలు వారిని త్యాగమూర్తులుగా కీర్తించాయి. జాతీయవాద రచనలు వారిని సామ్రాజ్యానికి తోడు నడిచినవారిగా చూశాయి. ఈ రెండింటిలోనూ పని చేసేవాడు దొరే, ఆ పనిని స్వీకరించేవాడు పల్లెవాడే. ఈ అమరికను అలాగే ఉంచి మిషనరీల గుణదోషాలను ఎంత చర్చించినా కడప పల్లెల చరిత్రకు చేకూరేది స్వల్పం. కాంప్‌బెల్ సోదరుల జీవితం ఈ అమరికనే ప్రశ్నించడానికి తగిన ఆధారాలను అందిస్తుంది.

2. అన్నదమ్ముల రాకకు ముందు

నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన దత్తమండలాలలో కడప ఒక భాగం. 1795లో లండన్‌లో ఏర్పడిన మిషనరీ సొసైటీ 1805లో విశాఖపట్నంలోను, 1810లో బళ్ళారిలోను కేంద్రాలు నెలకొల్పి, 1822లో కడపలో పని మొదలుపెట్టింది. తొలి మూడు దశాబ్దాలూ ఆ పని ప్రధానంగా పట్టణానికే పరిమితమైంది. పాఠశాలలు, కరపత్రాలు, అంగళ్ళ వద్ద ప్రసంగాలు నడిచాయి. ఫలితం మాత్రం కొద్దిపాటిదే.

1850ల తొలి సంవత్సరాలలో పరిస్థితి మారింది. జిల్లా ఉత్తర, పశ్చిమ భాగాలలోని మాలపల్లెల నుంచి పెద్దలు గుంపుగా వచ్చి తమకొక ఉపాధ్యాయుణ్ణి పంపమని మిషనరీలను అడగసాగారు. వారు అడిగింది ధనం కాదు, ధాన్యం కాదు. చదువు చెప్పే మనిషి. వచ్చిన ఉపాధ్యాయునికి గుడిసె వేసి ఇస్తే అదే పగలు బడి, రాత్రి ప్రార్థన మందిరం అయ్యేది. ఒక పల్లె నుంచి బంధుత్వాల దారిన ఈ కబురు మరో పల్లెకు చేరేది. మతం మారడం వ్యక్తి నిర్ణయంగా కాక కులపెద్దల సమష్టి నిర్ణయంగా సాగిన ఈ క్రమాన్ని మిషనరీ పరిభాషలో ‘సామూహిక ఉద్యమం’ అన్నారు. 1933లో పికెట్ వెలువరించిన అధ్యయనం ఇటువంటి ఉద్యమాలను భారతదేశమంతటా పరిశీలించింది.

ఇక్కడ కాలక్రమం కీలకం. తెలుగునాట సామూహిక మతాంతరీకరణ అనగానే 1876–78 కరవు, 1878 జూలైలో ఒంగోలు ప్రాంతాన వెల్లంపల్లి మొదలుకొని క్లౌ దొర చేతుల మీదుగా జరిగిన వేలాది బాప్తిస్మాలు గుర్తుకు వస్తాయి. గంజి కోసం మతం మార్చుకున్నారనే అపవాదుకు మూలం ఆ కరవే. కడప సీమలో ఉద్యమం కరవుకు దాదాపు పాతికేళ్ళ ముందే మొదలైంది. కనుక ఆ అపవాదును ఈ ప్రాంతానికి యథాతథంగా అన్వయించడం చారిత్రకంగా నిలవదు. కరవు ఆ ఉద్యమాన్ని విస్తరింపజేసి ఉండవచ్చు, దాన్ని పుట్టించలేదు.

మరి పుట్టించినదేది? చాపాడు నుంచి మైదుకూరు దారిన సాగి బ్రహ్మంగారి మఠం వైపు తిరిగితే ఒక సూచన దొరుకుతుంది. వీరబ్రహ్మేంద్రస్వామి శిష్య పరంపరలో దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య ప్రసిద్ధులు. గుడి గడప తొక్కనివ్వని వారికి గురువు దొరకడం, విగ్రహం లేని ఆరాధన దొరకడం ఈ సీమకు కొత్త కాదు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ ఒంగోలు ప్రాంత మాదిగలలో యోగి గురువుల ప్రభావం క్రైస్తవానికి ఎలా దారి తీసిందో వివరించింది. కడప పల్లెలలోనూ ఇటువంటి భూమిక ఉన్నదనుకోవడం అసంగతం కాదు. పల్లె పెద్దలు మిషనరీని చూసినది కూడా మరో గురువుగానే కావచ్చు.

3. బోధకుడు

1859లో జన్మించిన హోవర్డ్ కాంప్‌బెల్ 1880లలో కడపకు వచ్చేనాటికి ఈ సంఘాలు ఒక తరం వయసు గలవి. అంటే ఆయన సంఘాలను స్థాపించలేదు, వారసత్వంగా పొందాడు. ఆయన పనిలో ఎక్కువ భాగం పర్యటన. గుడారం ఎడ్లబండికెత్తి, నల్లరేగడి నేలలు ఎండి బాట నడవడానికి వీలైన మాసాలలో పల్లె నుంచి పల్లెకు సాగడం. ఉపాధ్యాయుల జీతాలు, సంఘ తగాదాలు, భూస్వాములతో పేచీలు తీర్చడం. ఆదివారం కూలికి రామని మాలలు అన్నప్పుడు ఆ మాట ఊరి కట్టుబాటును కదిలించేది. వెట్టికి అలవాటుపడిన రైతుకు అది భక్తిగా కనిపించలేదు, ధిక్కారంగా కనిపించింది. ఆ వివాదంలో తెల్లదొర అండ పల్లెకు కలిసివచ్చిన మాట నిజమే. కానీ దొర సంవత్సరంలో కొన్ని రోజులే ఆ ఊళ్ళో ఉండేవాడు. మిగిలిన రోజులన్నీ ఎదురు నిలవవలసింది పల్లెవారే, వారితో కాపురమున్న దేశీయ ఉపాధ్యాయుడే.

హోవర్డ్ తెలుగును శ్రద్ధగా అభ్యసించి క్రైస్తవ సిద్ధాంతాల మీద తెలుగులో గ్రంథాలు రాశాడు. దేశీయ బోధకులకు వారి భాషలోనే వేదాంత శిక్షణ ఇవ్వాలన్నది ఆ కృషి లక్ష్యం. బెంగళూరులో 1910లో ప్రారంభమైన యునైటెడ్ థియలాజికల్ కళాశాలకు నాయకత్వం వహించడానికి ఆయన ఎంపికయ్యాడు గానీ, ఆరోగ్యం క్షీణించి అదే ఏడాది మరణించాడు. మిషనరీ గద్యాన్ని ‘పాదిరి తెలుగు’ అని తేలికగా తీసివేయడం మన సాహిత్య చరిత్రలో పరిపాటి. వాక్యనిర్మాణంలో అన్యభాషా ఛాయ ఉండవచ్చు. అయితే గ్రంథాలయం ఎరుగని పల్లెలలో అక్షరం నేర్చిన తొలి తరం మాలలు చదివిన గద్యం అదే. ఆ పాఠకులను లెక్కలోకి తీసుకోకుండా ఆ గద్యానికి తీర్పు చెప్పడం తొందరపాటు.

పల్లె సమాజ పరిశీలనలోనూ ఈ మిషన్ పాత్ర గమనార్హం. 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన థర్స్టన్ ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’లో మాలల గురించిన భాగానికి సామగ్రి సమకూర్చినవారిలో ఇదే సొసైటీకి చెందిన ఎస్. నికల్సన్ ముఖ్యుడు. అదే రచయిత 1926లో మాలల సామాజిక నిర్మాణం మీద ప్రత్యేక వ్యాసం వెలువరించాడు. ఇంటిపేర్లు, కులాచారాలు, ముతకబట్ట నేత వంటి విషయాలు ఆయనకు పల్లె పెద్దలు చెప్పినవే. అచ్చులో మాత్రం చెప్పినవారు ‘మాలలు’ అనే సమూహనామంగా మిగిలారు, విన్నవాడు రచయిత అయ్యాడు.

4. వైద్యుడు

తమ్ముడు విన్సెంట్ 1863లో జన్మించాడు. 1890లలో జమ్మలమడుగులో ఆయన నెలకొల్పిన వైద్యశాలే కాలక్రమాన కాంప్‌బెల్ ఆసుపత్రి అయింది. పెన్నా ఒడ్డున, గండికోటకు సమీపాన ఉన్న ఈ ఊరు ప్రొద్దుటూరు, పులివెందుల వైపు పల్లెలకు అందుబాటులో ఉండేది. నాటి ఈ సీమ రోగాలు నీటితో ముడిపడినవి. మెట్ల బావులలో దిగి నీళ్ళు ముంచుకునే పల్లెలలో నారికురుపు ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధం దాకా పీడించింది. 1882లో ప్రభుత్వం కంపెనీ నుంచి కొనుగోలు చేసిన కర్నూలు–కడప కాలువ కింద వరి పండిన చోట చలిజ్వరం కూడా పండింది. నీరు లేని పల్లెకు ఒక రోగం, నీరు వచ్చిన పల్లెకు మరొకటి.

వైద్యం మతప్రచారానికి ఎర అన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మిషన్ వైద్యులు దాన్ని పూర్తిగా కాదనలేదు. వేచి ఉన్న రోగుల ముందు ప్రార్థన, ప్రసంగం నాటి మిషన్ ఆసుపత్రులన్నింటా దినచర్యలో భాగమే. అయినా మాలపల్లెలో అడుగుపెట్టని అగ్రవర్ణాల వారు ఆసుపత్రికి వచ్చారు, మందు తీసుకున్నారు, మతం మారకుండానే తిరిగి వెళ్ళారు. ఎరగా వేసినది ఎరగా పనిచేయలేదు గానీ, మరొకటి జరిగింది. మిషన్ బడిలో చదివిన మాల యువకుడు కాంపౌండరుగా మారి కాపు రైతు పుండుకు కట్టు కట్టడం అనే కొత్త సంబంధం ఏర్పడింది. అంటరానితనం మీద ప్రసంగాలు చేయలేని పనిని ఇటువంటి సంబంధం ఆసుపత్రి గోడల లోపలికైనా తీసుకువచ్చింది. గోడ దాటాక ఏమయ్యేదన్నది వేరే ప్రశ్న. ఊరు తన కట్టుబాటును అంత సులభంగా వదలలేదు.

ఇదే సొసైటీ చైనాలో నడిపిన గ్రామీణ కేంద్రంతో పోలిస్తే ఈ ఏర్పాటు స్వరూపం మరింత స్పష్టమవుతుంది. ఉత్తర చైనా మైదానంలోని షియావ్‌చాంగ్‌లో జేమ్స్ లిడెల్ పనిచేశాడు. తరవాతి తరంలో ఆయన కుమారులలో రాబ్ అక్కడి ఆసుపత్రి వైద్యుడు, ఎరిక్ బోధకుడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచిన ఎరిక్ లిడెల్ ఇతడే. 1945లో జపాను నిర్బంధ శిబిరంలో మరణించాడు. ఒక అన్న, ఒక తమ్ముడు, ఒక బోధకుడు, ఒక వైద్యుడు అన్న పోలిక పైకి కనిపించేదే. తేడా రాజ్యంలో ఉంది. చైనాలో మిషనరీ యుద్ధాల నడుమ, 1900 నాటి బాక్సర్ తిరుగుబాటు జ్ఞాపకాల నడుమ బతికాడు. కడపలో కలెక్టరు మిషనరీ మతస్థుడే. ఈ భద్రత కాంప్‌బెల్ సోదరుల పనిని సుగమం చేసింది. అదే వారిని పాలకవర్గం నుంచి వేరుచేసి చూడడాన్ని పల్లెకు కష్టతరం చేసింది.

ఈ కుటుంబాలలోని స్త్రీలు ఆసుపత్రిలో, బడిలో పనిచేసినా అధికారిక నివేదికలలో తరచు భర్త పేరు చాటునే ఉండిపోయారు. తెలుగు ‘బైబిల్ స్త్రీల’ స్థితి అంతకన్నా కనిష్ఠం. జేమ్స్ ఎలీషా తానేటి 2013 నాటి గ్రంథం ఆ స్త్రీలను కేంద్రంగా చేసుకుని రాసినది. జమ్మలమడుగు విషయంలో అటువంటి పని జరగవలసి ఉంది.

విన్సెంట్ తరవాతి కాలంలో చిక్కబళ్ళాపురానికి మారి అక్కడా ఆసుపత్రి పనిలో నిమగ్నుడయ్యాడు. మైసూరు సంస్థానంలోని ఆ ఊళ్ళోనూ ఆయనకు తెలుగు అవసరం తీరలేదు. అది తెలుగువారు దండిగా ఉన్న ప్రాంతం. ఆయన 1930లో మరణించాడు.

5. పురుగులు, పక్షులు

ఆసుపత్రి పని ముగిశాక విన్సెంట్ పురుగులు సేకరించేవాడు. డిస్టంట్ రాసిన, 1902–1918 నడుమ వెలువడిన బ్రిటిష్ ఇండియా జంతుజాల సంపుటాలలో నల్లి జాతి కీటకాల ఆవాసాలు చెప్పే చోట చిక్కబళ్ళాపురం, కొడైకెనాల్ పేర్ల పక్కన ఆయన పేరు సేకర్తగా కనిపిస్తుంది.

అన్న దృష్టి పక్షుల మీద. 1848లో వైద్యుడు జెర్డన్ ద్వారా శాస్త్రలోకానికి తెలిసిన కలివికోడిని 1900లో అనంతపురం సమీపాన గుర్తించినది హోవర్డ్ కాంప్‌బెల్. ఆ పక్షి రాత్రి తిరుగుతుంది. ముళ్ళపొదల నడుమ నేల రంగులో కలిసిపోతుంది. అటువంటి దాన్ని పరదేశి బోధకుడు ఒంటరిగా కనిపెట్టాడనుకోవడం కష్టం. పక్షుల వేటగాళ్ళు, పశుల కాపరులు దారి చూపనిదే ఆనాటి సేకర్తల పని సాగేది కాదు. ఆ తరవాత ఎనభయ్యైదేళ్ళపాటు ఏ సర్వేకూ అది దొరకలేదు. 1930ల నాటి తూర్పు కనుమల సర్వే దాన్ని చూడలేదు. అంతరించిందనే భావన స్థిరపడింది. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దాన్ని మళ్ళీ కనుగొన్నాడు. పట్టి తెచ్చినవాడు ఒక స్థానిక వేటగాడు. రాత్రివేళ టార్చి వెలుతురులో పట్టుకున్నాడు. శాస్త్రానికి అంతరించిన పక్షికి ఆ పల్లెలలో వాడుకలో పేరుంది, దాన్ని పట్టే ఉపాయం కూడా ఉంది. కలివిపొదల దగ్గర ఉంటుంది కనుక కలివికోడి.

6. ఆధారాల సమస్య

లండన్ మిషనరీ సొసైటీ పత్రాలు నేడు లండన్‌లోని ‘సోయాస్’ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. వాటిలో దొరల లేఖలు, వార్షిక నివేదికలు ఉన్నాయి. వాటిని మాత్రమే చదివి రాసిన చరిత్రలో పైన చెప్పిన ఉపాధ్యాయుడు, కాంపౌండరు, బైబిల్ స్త్రీ, పక్షుల వేటగాడు పేరు లేనివారుగానే ఉంటారు. వారి పేర్లు వెదకవలసిన చోటు వేరు. సంఘాలు 1908లో దక్షిణ భారత ఐక్య సంఘంలోను, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంలోను విలీనమైనప్పుడు బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు స్థానిక సంఘాల వద్దే నిలిచాయి. బాప్తిస్మానికి ముందు పేరు, తరవాత పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి వంటి వివరాలను ఒక్క వరుసలో పట్టి ఉంచగల ఆధారం మరొకటి లేదు. చాపాడు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మండలాల సంఘాలలోని ఇటువంటి రిజిస్టర్లను చెదలకు ముందే ఛాయాచిత్రాలుగా తీయించి, అదే పల్లెలలోని వృద్ధుల వంశ కథనాలతో సరిపోల్చడం ఈ ప్రాంత విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలు కలిసి చేయదగిన పని. మొదట చూడవలసినవి 1850–1880 నడుమ నమోదైన పుటలు: అంటే కాంప్‌బెల్ సోదరులలో ఎవరూ ఇంకా కడపకు రాని కాలం.