పెనుగొండకు పెన్న నీరు

క్రీ. శ. 1388వ సంవత్సరం. విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల కుమారుడు బుక్కరాయలు పెనుగొండలో కొలువుదీరి ఉన్నాడు. పది విద్యలలో ఆరితేరిన జలసూత్రజ్ఞుడు సింగాయభట్టును పిలిపించి, పెన్నానదిని పెనుగొండకు తీసికొని రావలసినదని ఆజ్ఞాపించినాడు. సింగాయభట్టు కల్లుడి వద్ద నుండి సిరువెర చెరువు వరకు కాలువ నడిపించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని నామకరణం చేసినాడు. గౌరీబిదనూరు ప్రాంతంలోని కన్నడ శాసనమొకటి ఈ వృత్తాంతాన్ని చెప్పుచున్నది. విజయాలను, దానాలను చాటే శాసనాలు మనకు వేలకొలది ఉన్నవి. నీటిని నడిపించిన నిపుణుని పేరు నిలిపినవి అరుదు.

ఆ కాలువలో నీటిని నడిపించిన శక్తి ఏది? నేల వాలు ఒక్కటే. సూర్యుడు సముద్రం నుండి ఎత్తి కొండలపై కురిపించిన నీటిని, అది పల్లానికి దిగిపోకముందే పట్టుకొని, ఊరివైపు మళ్ళించుటయే ఆనాటి విద్య. ఈ సీమలోని చెరువులన్నీ ఆ విద్యకు సాక్ష్యాలే. చిత్రావతి నీటితో నిండే బుక్కపట్నం, ధర్మవరం చెరువులు, హిందూపురం చెంతనున్న పరిగి చెరువు ఇందుకు ఉదాహరణలు. పై చెరువు మరవ పారితే ఆ నీరు క్రింది చెరువుకు చేరును. ఒక చుక్కను నాలుగు చోట్ల నిలిపి వాడుకొనే ఏర్పాటు ఇది.

ఈ విద్యకు శాస్త్రం కూడ ఉండెను. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువును భాస్కర భవదూరుడు త్రవ్వించినాడు. 1369 నాటి ఆ చెరువు శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను పేర్కొన్నది. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండుట ఒక దోషం. నేల విస్తారమై నీరు చాలకుండుట మరొకటి. నేల కొద్దియై నీరు మితిమీరుట ఇంకొకటి. పొలిమేర దోషం పెన్నను నేటికీ వదలలేదు. పైనున్న మైసూరు, దిగువనున్న మద్రాసు ప్రభుత్వాలు 1892లో చేసికొన్న నదీజలాల ఒడంబడికలో పెన్న కూడ చేరియున్నది.

తక్కిన రెండు దోషాలూ ఒక చెరువుకే కలుగునని పూర్వులు తలచి ఉండరు. నేడు కలుగుచున్నవి. భూగోళం పందొమ్మిదవ శతాబ్దం కంటె ఒక డిగ్రీకి మించి వేడెక్కినది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకొనగలదు. అందువలన చెరువు నీరు త్వరగా ఆవిరియగును; వాన కురిసినప్పుడు ఒక్కుమ్మడిగా కురియును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షపాతంతో బ్రతికే అనంత సీమకు ఇది చిన్న మార్పు కాదు. 2018లో అనంతపురం జిల్లా మండలాలనేకం కరువు మండలాలుగా ప్రకటింపబడినవి. 2021 నవంబరులో చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో నది నడుమ చిక్కిన పదిమందిని వాయుసేన హెలికాప్టరుతో రక్షింపవలసి వచ్చినది. సిమెంటు పరచిన పట్టణంలో అట్టి వాన నేలలోకి ఇంకదు. ధర్మవరంలో గుంటమగ్గాల గుంటలలో నీరు ఊరి నేత నిలిచిపోవును. వేసవిలో అదే వీథిలో బిందెలు వరుస కట్టును.

ఈ కొరత తీర్చుటకు మన తరం సింగాయభట్టు మార్గానికి ఎదురుగా నడిచినది. హంద్రీ-నీవా పథకం శ్రీశైలం వెనుక జలాలను మాల్యాల వద్ద ఎత్తిపోసి, మజిలీలుగా పైకి తెచ్చినది. 2016లో కృష్ణ నీరు పెనుగొండ మండలంలోని గొల్లపల్లి జలాశయానికి చేరినది. అక్కడి నుండి గొట్టాల ద్వారా హిందూపురానికి తాగునీరు తరలినది. 2011 జనాభా లెక్కల నాటికే లక్షన్నర దాటిన పట్టణానికి ఇది ప్రాణాధారం. దీనిని తక్కువ చేయరాదు.

కాని లెక్క చూడవలెను. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. హిందూపురం ఎత్తు రెండువేల అడుగుల పైమాట. యంత్రాలలో నష్టమయ్యేది విడిచినను, వెయ్యి లీటర్ల నీటిని అంత ఎత్తుకు చేర్చుటకు దాదాపు ఒక యూనిట్ విద్యుత్తు కావలెను. వానలు తప్పిన ఏట శ్రీశైలం మట్టం తగ్గును. అక్కడి జలవిద్యుత్తు తగ్గును. నీరు ఎత్తవలసిన ఎత్తు పెరుగును. ఎండ మిక్కుటమై పట్టణాలలో పంకాలు, కూలర్లు ఎక్కువ కరెంటు కోరేది కూడ అప్పుడే. నీటి కరువు, శక్తి కరువు జంటగా వచ్చును. రామగిరి కొండలపై గాలిమరలు, నంబులపూలకుంటలో 2016లో ఆరంభమైన సౌరవిద్యుత్ కేంద్రం కొంత ఊరట నిచ్చును. కృష్ణలో నీరే లేనప్పుడు అవియు చేయగలిగినది లేదు.

కనుక పాత చెరువు జ్ఞాపకచిహ్నం మాత్రమే కాదు. ఊరి ఎత్తులోనే నిలిచిన ప్రతి వెయ్యి లీటర్లు, క్రింది నుండి ఎత్తనక్కరలేని వెయ్యి లీటర్లు. చెరువును పూడనిచ్చి, దానికి నీరు తెచ్చే వంకను ఇండ్లస్థలాలుగా మార్చి, తరువాత మూడువందల మీటర్ల దిగువ నుండి నీరు తోడుకొనుట ఏ గణితంలోను లాభసాటి కాదు. సింగాయభట్టు వద్ద పంపులు లేవు. అందుచేత ఆయన మొదట నేల వాలును చదివినాడు. పంపులున్న మనము కూడ దానిని చదువుట మరువరాదు.