రాణి మెచ్చిన స్కాట్లండ్ రాళ్లు

స్కాట్లండ్ ఉత్తరాది కొండసీమలో పూర్వం గళ్ల ఉన్ని దుప్పటిని భుజం మీదుగా కప్పుకునేవారు. అది జారిపోకుండా ఇత్తడిదో వెండిదో గుండ్రటి పెద్ద పిన్ను, అంటే బ్రోచ్, గుచ్చేవారు. ఆ చలిలో దాని అవసరం ముందు, అందం తర్వాత. 1746లో కల్లోడెన్ దగ్గర బ్రిటిష్ రాజుపై లేచిన తిరుగుబాటుదారులు ఓడిపోయాక, కొండసీమ మగవాళ్లు ఆ కొండసీమ దుస్తులు వేసుకోవడం నేరమని బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. 1782 దాకా అది పోలేదు.

నేరమైన ఆ వేషానికి గౌరవం తెచ్చినవాళ్లలో మొదట చెప్పాల్సింది రచయిత వాల్టర్ స్కాట్‌ని. 1814లో వచ్చిన ‘వేవర్లీ’ నవలతో కొండసీమ వీరులంటే పాఠకులకు మోజు పుట్టింది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు వేడుకలన్నీ స్కాట్ దగ్గరుండి నడిపించాడు. రాజుగారే కొండసీమ మగవాళ్ల గళ్ల పావడా, కిల్టు, కట్టుకుని కనిపించారు.

విక్టోరియా రాణి 1842లో మొదటిసారి స్కాట్లండ్ వెళ్లింది. ఆమెకూ భర్త ఆల్బర్ట్‌కూ ఆ కొండలు ఎంత నచ్చాయంటే, 1852లో బాల్మోరల్ ఎస్టేటు కొనేశారు. ఆల్బర్ట్‌కి నగలు చేయించడమంటే సరదా. 1847 సెప్టెంబరు 13న స్కాట్లండ్‌లోని ఆర్డ్‌వెరికీ విడిదిలో ఉండగా, వాళ్ల పెద్దమ్మాయికి ఊడబోతున్న మొదటి పాలపన్నును ఆయనే పీకాడు. దాన్ని పారేయకుండా బ్రోచ్‌లో పెట్టించాడు. స్కాట్లండ్ చిహ్నమైన థిసిల్ అనే ముళ్లమొక్క ఆకారంలో బంగారంతో చేసి, ఎనామిల్ రంగులు వేసి, పువ్వు ఉండాల్సిన చోట ఆ తెల్లటి పన్ను పొదిగారు. వెనక ఆ సంగతంతా చెక్కించారు. రాచనగల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. అందులో తండ్రి ముచ్చట కనిపిస్తుంది.

రాణి పెట్టుకున్న స్కాట్లండ్ బ్రోచ్‌లు తమకూ కావాలని ఆడవాళ్లు ముచ్చటపడ్డారు. రైళ్లు వచ్చాయి, లండన్ నుంచి స్కాట్లండ్ చూడటానికి జనం వచ్చారు, వెళ్తూ వెళ్తూ ఒక బ్రోచ్ కొనుక్కున్నారు.

ఆ బ్రోచ్‌లలో వజ్రాలు, కెంపులు లేవు. ఉన్నవి అగేట్, జాస్పర్, పొలాల్లోనూ సముద్రం ఒడ్డునా దొరికే రాళ్లు. పైకి మామూలు గులకరాయి, కోస్తే లోపల ఎరుపు, బూడిద, తేనెరంగు చారలు. నైపుణ్యమంతా ఆ కోతలోనే ఉంది. రాయిని పలచటి బిళ్లలుగా కోసి, ఒక్కో బిళ్లనూ వెండి గడికి సరిపోయేలా అరగదీసి, వెనక పలకరాయి ముక్క పెట్టి లక్కతో అతికేవారు. చివర్న మెరుగు పెట్టాక రాయికీ వెండికీ మధ్య వేలికి అతుకు తగలకూడదు. ఆ రోజుల్లో బ్రిటన్‌కు లక్క ప్రధానంగా మన దేశం నుంచే వెళ్లేది. హైదరాబాద్ లాడ్ బజార్ గాజుల్లో రాళ్లను పట్టి ఉంచేదీ లక్కే.

నడిమధ్యన పెద్ద రాయి పెట్టాలంటే కెయిర్న్‌గార్మ్ కావాలి. ఆ పేరున్న కొండల్లో దొరికే పొగరంగు స్ఫటికం అది. గ్రానైట్‌లో సహజంగా ఉండే రేడియేషన్ లక్షల ఏళ్లు తగిలి దానికి ఆ రంగు వచ్చింది. గిరాకీ పెరిగేకొద్దీ కొండల్లో తవ్విన రాయి చాల్లేదు. బ్రెజిల్ నుంచి ఊదారంగు అమెథిస్ట్ తెప్పించి, కాల్చి పసుపురంగు తేల్చి ఆ స్థానంలో పెట్టారు. జర్మనీలోని ఇడార్, ఓబర్‌స్టయిన్ ఊళ్ల పనివాళ్లు అగేట్‌ను కోసి, రంగులద్ది పంపారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లోనూ ‘స్కాట్లండ్ నగలు’ తయారయ్యాయి.

అందుకే పాత బ్రోచ్ చేతికొస్తే తెలిసినవాళ్లు ముందు వెనక్కి తిప్పి చూస్తారు. వెండి మీద ముద్ర చాలాసార్లు ఉండదు. నిజంగా పాతదేనా తేల్చుకోవడానికి పిన్నుకు సాదా కొక్కెం ఉందా, సూది బ్రోచ్ అంచు దాటి బయటికి వచ్చిందా, పలకరాయి కదలకుండా ఉందా అని చూస్తారు. రాయి ఏ దేశానిదో చాలాసార్లు తేలదు. బ్రెజిల్ రాయి పెట్టినంత మాత్రాన ఎడింబరో పనివాడు పొదిగిన నగను నకిలీ అనడం నాకు సమ్మతం కాదు. అతుకు తెలియకుండా రాయిని వెండిలో కూర్చిన పని ఆ చేతులది.