ఆంపెగ్: ఇది ఏ పెగ్గు?

బేస్ గిటార్ వాయించేవాళ్లు యాంప్లిఫయర్ల గురించి మాట్లాడుకుంటే ‘ఆంపెగ్’ పేరు రాక తప్పదు. పెగ్గనగానే మనకు గ్లాసు గుర్తొస్తుంది గానీ, ఇది ఆ పెగ్గు కాదు. నిలబెట్టి వాయించే పెద్ద బేస్‌కు అడుగున, నేలకు ఆనించే ఊతకడ్డీ ఒకటుంటుంది. అదీ పెగ్. అమెరికన్ బేసిస్టు ఎవరెట్ హల్ 1940లలో దాని పైకొసకు మైకు బిగించి, వాయిద్యం పొట్టలోకి దూర్చాడు. యాంప్లిఫై చేసిన పెగ్ కాబట్టి ‘ఆంపెగ్’. ఆ పేరే కంపెనీకీ స్థిరపడింది. ఇప్పుడు ఆ యాంపులకు తగిలించే బేస్ గిటార్లకు ఆ ఊతకడ్డీయే ఉండదు!

1960లో వచ్చిన ఆంపెగ్ యాంప్ బి-15కి 15 అంగుళాల స్పీకరు ఒక్కటే. వాయించడం అయ్యాక పైనున్న యాంప్‌ను తలకిందులుగా తిప్పి పెట్టెలోనే దాచేయొచ్చు. స్టూడియోకు, చిన్న క్లబ్బుకు అది చాలు. పెద్ద వేదికల కోసం 1969లో ఎస్‌వీటీ వచ్చింది: 300 వాట్లు. దానికి జోడీ, 10 అంగుళాల స్పీకర్లు 8 ఉన్న మూసిన క్యాబినెట్. దాన్ని ‘ఫ్రిజ్’ అంటారు. మెట్లెక్కించిన వాళ్లెవరూ ఆ పేరు తప్పనరు.