మనోవర్తియు, భాగమును

ఉత్తరార్కాటు, కడప మండలముల భాగములతో 1911వ సంవత్సరమున చిత్తూరు మండల మేర్పడుటకు పూర్వము, ఈ సీమలో ఆలుమగల తగవు న్యాయస్థానమునకు పోవుట అరుదు. ఉత్తరార్కాటున దాదాపు ప్రతి తాలూకాకును దేశాయిచెట్టి యను పెద్ద యుండెడివాడనియు, బలిజ కులస్థుడగు నాతని యధికారము పదునెనిమిది కులములపై చెల్లుచుండెననియు దక్షిణదేశపు కులములను గూర్చి 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథము తెలుపుచున్నది.

బ్రాహ్మణాది కొన్ని కులములలో విడాకుల ప్రసక్తియే లేకుండెను గాని, సేద్యమును చేతిపనులును జీవనాధారముగా గల పెక్కు కులములలో పెద్దల యెదుట తెగతెంపులు చేసికొనుటయు, పిమ్మట స్త్రీ మారుమనువు పోవుటయు ఆచారసిద్ధములు. అట్టియెడ మొదట తేలవలసినది ఓలి లెక్క: పెండ్లినాడు వరునివారు చెల్లించిన ఓలిని, ఆమెను మారుమనువాడువాడో పుట్టినింటివారో తొలిమగనికి తిరిగి యిచ్చుట పలుచోట్ల విధి. పసుపుకుంకుమల క్రింద తండ్రి యిచ్చిన మడిచెక్క మాత్రము ఆమెదే. రచ్చబండ తీర్పు త్వరితము, వ్యయరహితము, ఊరెల్ల సాక్షిగా జరుగునది. ఆ గుణములను నేను తక్కువ చేయను. అయినను అది మగడు పెట్టిన రూకలను లెక్కించెనే గాని, ఏండ్ల తరబడి నాట్లు వేసి కలుపు తీసిన ఆలి కష్టమును లెక్కింపలేదు. నా మనస్సును మిక్కిలి నొప్పించు విషయ మిది.

శాస్త్రము ఈ విషయమున ఆచారముకంటె ఉదారముగా నుండెను. ఆజ్ఞానువర్తినియు, దక్షురాలును, పుత్రవతియు, ప్రియభాషిణియు నగు భార్యను విడిచినవాడు తన ధనమున మూడవపాలు ఆమె కీయవలెననియు, నిర్ధనుడైనచో పోషింపవలెననియు స్మృతికర్తయగు యాజ్ఞవల్క్యుడు విధించెను. తా నంగీకరించినదియో, మగనితో కలిసి చేసినదియో, స్వయముగా చేసినదియో గాని యప్పు ఆలిపై పడదనియు, గొల్లలు, కల్లమ్మువారు, నటులు, చాకలివారు, వేటకాండ్రు మొదలగువారి జీవనము స్త్రీలపై నాధారపడియుండుటచే వారి భార్యల ఋణమును భర్తలు తీర్పవలెననియు ఆయన చెప్పినచోట, శ్రమను బట్టి బాధ్యతను నిర్ణయించు ధర్మసూక్ష్మము కానవచ్చుచున్నది.

కాని ఆ స్మృతియందే, దుర్భిక్షమున, ధర్మకార్యమున, వ్యాధియందు, నిర్బంధమున గ్రహించిన స్త్రీధనమును భర్త తిరిగి యీయనక్కరలేదను మినహాయింపు కలదు. 1876–78 నాటి ధాత కరవును చవిచూచి, చెరువు లెండినపుడెల్ల అప్పుచేసి బావి త్రవ్వుకొను ఈ సీమలో, ముందుగా కుదువకు పోవునవి ఇల్లాలి గాజులే గదా! మినహాయింపే ఇచ్చట నియమమైపోయెను.

ఆంగ్లేయుల న్యాయస్థానములు ఆ స్మృతికి వ్యాఖ్యయగు మితాక్షరను ప్రమాణముగా గైకొన్నను, విభాగకాలమున భార్యకు పాలిచ్చు పద్ధతి దక్షిణదేశమున లుప్తమైనదని తలచి, ఆమెకు మనోవర్తిని మాత్రము మిగిల్చినవి. 1946 నాటి చట్టము నిర్ణీతకారణములపై వేరుగా నివసించి మనోవర్తి పొందు హక్కును, 1949 నాటి మదరాసు చట్టము విడాకులను ప్రసాదించెను. 1955 నాటి హిందూ వివాహ చట్టము 25వ విభాగమున శాశ్వత భరణమును, 27వ విభాగమున పెండ్లి సందర్భమున లభించి ఇరువురికి ఉమ్మడిగా చెందిన వస్తువుల పరిష్కారమును విధించి, ఆచారసిద్ధమగు విడాకులను 29వ విభాగమున కాపాడినది.

మనోవర్తి దయాధర్మము గాదనుటకు పొరుగున నున్న నెల్లూరి వ్యాజ్యమే తార్కాణము. 1931లో వితంతువైన తులశమ్మ 1944లో మనోవర్తికై మునసబు కోర్టు నాశ్రయింపగా, 1949లో రాజీవలన జీవితకాలానుభవమునకు లభించిన ఆస్తి ఆమెకు సంపూర్ణస్వామ్యమే యని 1977లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. మనోవర్తికి మూలము ఆస్తిపై గల ప్రాచీనమైన హక్కే యని న్యాయమూర్తులు వివరించిరి.

విడిపోవు భార్య కంతటి బలము రాలేదు. గోవాలోని పౌరస్మృతి ననుసరించి, వేరు ఒడంబడిక లేనిచో, దంపతుల ఆస్తి యుమ్మడి, విడిపోవునపుడు చెరిసగము. చిత్తూరు సీమలో నన్ననో, ఆమె గాజులు కుదువబెట్టి త్రవ్వించిన బావి నీట పండిన చేను మగని పేర నున్నంతకాలము మగనిదే. న్యాయస్థానము దానిపై భరణమును భారముగా నిలుపగలదు గాని, యాజ్ఞవల్క్యుడు చెప్పిన మూడవపాలును హక్కుగా కోరుటకు ఆమెకు నేటికిని చట్టమున చోటు లేదు.