మామ్మ వెళ్ళిన ఫ్రాన్సు

మా మామ్మ జన్మలో ఒక్కసారే విదేశం వెళ్ళింది. తొమ్మిదేళ్ళప్పుడు, గోదావరి మీద, పడవలో. ఎదుర్లంక రేవులో ఎక్కి, గౌతమి దాటి, అవతలి గట్టున ఫ్రాన్సులో దిగింది. అంటే యానాంలో. అక్కడ తనకి పెళ్ళి చేశారు.

ఈ మధ్య మా చుట్టుపక్కల అందరూ యూరప్ టూర్లకి వెళ్ళొస్తున్నారు. ఈఫిల్ టవర్ ముందు ఫోటోలు, స్విట్జర్లాండులో మంచు, సూట్‌కేసు నిండా ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళిన పులిహోర పొడీ, ఆవకాయా. "వదినగారూ, మీరెప్పుడు?" అని అడిగినప్పుడల్లా నాకు మామ్మ ప్రయాణమే గుర్తొస్తుంది. వాళ్ళూ అంతే, వంటసామానంతా ఇంటి నుంచే పట్టుకెళ్ళారు.

యానాం సంగతి మన వైపు వాళ్ళకి తెలిసిందే కానీ దూరపు వాళ్ళ కోసం చెబుతాను. ఫ్రెంచివాళ్ళు 1720లలో వర్తకం కోసం వచ్చి గౌతమి ఒడ్డున బస వేశారు. ఇంగ్లీషువాళ్ళు మధ్యమధ్య లాక్కోవడం, ఒప్పందాలయ్యాక తిరిగి ఇవ్వడం, ఇలా సాగి సాగి 1814 పారిస్ ఒప్పందం తరవాత ఊరు ఫ్రెంచివాళ్ళకే స్థిరపడింది. మొత్తం కలిపి 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ మద్రాసు రాజధాని, నడుమ ఈ చిన్న ఫ్రాన్సు. పేదవాళ్ళకి ఈ రేవు ఇంకోలా తెలుసు. 1828లో రీయూనియన్ దీవి చెరకు తోటలకి మన తెలుగు కూలీలని ఓడ ఎక్కించింది ఇక్కణ్ణుంచే. కాస్త డబ్బున్నవాళ్ళకి మాత్రం యానాం అంటే మంగళవారం సంత. బ్రిటిషు సుంకాలు లేని విదేశీ సరుకు అక్కడ దొరికేది. మా ముత్తాతగారు మామ్మకి చిన్న సెంటు సీసా కొనిపెట్టింది ఆ ఊళ్ళోనే. సెంటు ఎప్పుడో అయిపోయింది. సీసా మాత్రం మామ్మ కుంకుమ భరిణె పక్కనే ఉండేది, మేం మూత తీసి వాసన చూసి "ఏం లేదు మామ్మా" అనేవాళ్ళం.

ఇంతకీ ఊళ్ళో ఇల్లూ వాకిలీ, ఎదురుగా గుడీ ఉండగా పెళ్ళికి నది ఎందుకు దాటారు?

మామ్మ చెప్పే కారణం ఒకటే. "ఆ శారదమ్మెవరో గానీ మా నాన్నని నానా తిప్పలూ పెట్టిందే!" చాలా ఏళ్ళ దాకా శారద అంటే ఎవరో ఆడమనిషి అనుకుందావిడ. ఆయన అజ్మీరుకు చెందిన హర్ బిలాస్ శారదా అనే పెద్దమనిషి. ఆయన తెచ్చిన బాల్యవివాహ నిరోధ చట్టం 1929 సెప్టెంబరులో పాసై, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లవాడికి 18 నిండాలి. చట్టం పాసైన రోజుకీ అమలైన రోజుకీ మధ్య ఆరు నెలలు దొరికాయి కదా, ఆ ఆరు నెలల్లో దేశమంతా చంటిపిల్లలతో సహా పెళ్ళిళ్ళు జరిపించేశారు. అప్పుడు తొందరపడనివాళ్ళకీ, మా ముత్తాతగారిలా పిల్లకి అప్పటికింకా ఆరేళ్ళే ఉన్నవాళ్ళకీ తరవాత యానాం కనిపించింది.

చట్టంలో ఒక తమాషా ఉంది. పెళ్ళి చేస్తే శిక్ష, కానీ అయిన పెళ్ళి చెల్లుతుంది. పిల్ల తండ్రికీ, మంత్రాలు చదివిన పురోహితుడికీ నెల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. ఆడవాళ్ళకి జైలు లేదు. పోలీసులు తమంతట తాము వచ్చి పట్టుకోరు, ఎవరైనా ఏడాదిలోపు కోర్టుకెళ్ళి ఫిర్యాదు చెయ్యాలి. చేసేవాడు వంద రూపాయల దాకా హామీ కట్టాల్సి రావచ్చు. కాబట్టి చాలా ఊళ్ళలో భయం లేదు. భయమల్లా ఊళ్ళో గిట్టనివాడో, సంస్కరణవాది కుర్రాడో ఒకడుంటే. మా ముత్తాతగారికి ఇద్దరూ ఉన్నారు! పొలం గట్టు తగాదా ఉన్న దాయాది ఒకాయన, కాకినాడలో చదువుకుంటున్న పక్కింటి అబ్బాయి ఒకడు. పురోహితుడు కూడా "అయ్యా, నేను జైలుకెళ్ళలేను, యానాం అయితే వస్తాను" అన్నాడట.

యానాంలో ఆ బెడద లేదు. ఇక్కడే నాకు కోపమూ నవ్వూ కలిసి వస్తాయి. ఫ్రాన్సు దేశంలో నెపోలియన్ 1804లో చేసిన సివిల్ కోడ్ ప్రకారం ఆడపిల్లకి 15 ఏళ్ళు నిండితే గానీ పెళ్ళి లేదు. శారదా చట్టం కన్నా ఒక ఏడాది ఎక్కువే. కానీ ఆ మంచి చట్టాన్ని మన పిల్లలకి పెట్టలేదు. 1819లోనే ఒక ఉత్తర్వు ఇచ్చి, ఇక్కడి జనం తమ కులాచారాల ప్రకారమే నడుచుకోవచ్చని వదిలేశారు. ఆచారాల్లో వేలు పెడితే వర్తకానికి చేటని దొరలందరికీ తెలుసు. వినడానికి అది మనకిచ్చిన గౌరవంలా ఉంటుంది. ఆ గౌరవం అనుభవించింది తండ్రులు, మోసింది తొమ్మిదేళ్ళ పిల్లలు. (అన్నట్టు, ఫ్రాన్సులో ఆడవాళ్ళకి ఓటు 1944లో గానీ రాలేదు. మన మద్రాసు శాసనమండలికి ఆస్తిపాస్తులున్న ఆడవాళ్ళు 1921 నుంచే ఓటర్లు.)

అలా పెళ్ళివారంతా యానాం దారి పట్టేసరికి ఆ ఊరికి కల్యాణపురం అని పేరొచ్చింది. ఎంత అందమైన పేరో చూడండి!

మామ్మ పెళ్ళి 1933 వైశాఖంలో. అయిదు రోజుల పెళ్ళిని రెండు రోజులకి కుదించారు. ఎడ్లబండ్ల మీద ఎదుర్లంక దాకా, అక్కణ్ణుంచి పడవలు. ఒక పడవలో మనుషులు, ఇంకో దాంట్లో గుండిగలూ, అరిటాకులూ, బియ్యం బస్తాలూ, పనసకాయలూ. ఫ్రెంచి ఊళ్ళో మా వాళ్ళు తిన్నవేమిటంటే ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కందబచ్చలి, మామిడికాయ పప్పు, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, పూర్ణం బూరెలు. ఆ ఊరి నుంచి వాళ్ళ నోట్లో పడింది ఒక్క గోలీసోడా. అదీ మగపిల్లలకే, మామ్మకి ఒక గుక్క.

వంటంతా చేసింది మామ్మ మేనత్త. పదకొండేళ్ళకే భర్త పోయిన మనిషి. తెల్లపంచె, తలమీద ముసుగు. పెళ్ళిపందిట్లోకి రాకూడదు కనక విడిది వెనకాల పొయ్యిల దగ్గరే ఉండిపోయింది. "అత్తయ్య చేతి కందబచ్చలి అలాంటిలాంటిది కాదు" అనేది మామ్మ ప్రతిసారీ. తొమ్మిదేళ్ళ పిల్ల పెళ్ళికి పదకొండేళ్ళకే విధవైన ఆవిడ వంట చేస్తూ ఏమనుకుందో ఎవరూ అడగలేదు. నేను మామ్మని అడిగేసరికి ఆ అత్తయ్య పోయి ముప్పై ఏళ్ళయింది.

మా ముత్తాతగారు మూర్ఖుడైతే ఈ కథ తేలిగ్గా ఉండేది. ఆయన చదువుకున్నవారు. వీరేశలింగం పంతులుగారి స్వీయచరిత్రము మా అటక మీద ఆయన సంతకంతోనే ఉండేది. పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆ పెళ్ళికూతురు గౌరమ్మ కూడా బాలవితంతువే. అది జరిగి యాభై ఏళ్ళు దాటాక, అదే గోదావరి కింది గట్టున, ఆ పుస్తకం చదివిన మనిషి కూతుర్ని పడవెక్కించాడు. తన ఇంట్లోనే తెల్లపంచె కట్టుకున్న చెల్లెలుండగా. మంచి సంబంధం చేజారిపోతుందనీ, పిల్ల ఈడేరితే నలుగురూ నవ్వుతారనీ భయం. ఆయన్ని వెనకేసుకురావడం నా వల్ల కాదు. కానీ నలుగురికీ జడిసి మనం ఇప్పటికీ చేస్తున్న పనులు తలుచుకుంటే గట్టిగా తిట్టడానికీ నోరు రాదు.

ఆ రోజుల్లో అందరూ అలా తలొంచుకుని ఉన్నారా అంటే, లేదు. ద్రాక్షారామం దువ్వూరి సుబ్బమ్మగారు చిన్నతనంలోనే భర్తని పోగొట్టుకుని, స్వాతంత్ర్యోద్యమంలోకి దిగి జైలుకెళ్ళారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. కాపురానికి వెళ్ళే వయసొచ్చాక ఆవిడ నాకీ కాపురం వద్దని చెప్పేసి, తరవాత లాయరై, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. వాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. మామ్మ మాత్రం మూడో తరగతితో బడి మానేసి, పదమూడో ఏట కాపురానికి వెళ్ళి, పదిహేనో ఏట మా నాన్నని కంది.

ఈ సరిహద్దు దారిని మూసెయ్యాలని 1938లో చట్టాన్ని సవరించారు. బ్రిటిష్ ప్రజలు పొలిమేర దాటి చేసుకున్న పెళ్ళికీ శిక్ష వర్తించేలా చేశారు. 1954 జూన్ 13న యానాం ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి బయటపడింది. కాగితాల మీద పూర్తిగా మన దేశంలో కలిసింది 1962 ఆగస్టు 16న.

ఇప్పుడైతే వెళ్ళడానికి పడవ అక్కర్లేదు. ఎదుర్లంక నుంచి బాలయోగి వారధి ఉంది, కాకినాడ నుంచి బస్సులో గంట. కాకినాడ దారిలో వస్తే కోరంగి మడ అడవులు కూడా చూడొచ్చు. 1846లో కట్టిన చర్చి, ఏటి గట్టు, వెంకటేశ్వరస్వామి గుడి, అందరూ యానాం ఈఫిల్ టవర్ అని పిలిచే ఎత్తయిన స్తంభం చూసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చెయ్యొచ్చు. వానాకాలంలో పులసల వేలం చూడాల్సిందే. మేం తినం గానీ, ఆడవాళ్ళు పోటీపడి పాడే పాట వింటూ నిలబడిపోతాను. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అనే సామెత మాత్రం నాకు గిట్టదు. ఎవరి మెళ్ళో పుస్తెలు, ఎవరి నోట్లో పులస? ఇక మగవాళ్ళు యానాం వెళ్ళొస్తామంటే దేనికో మీకు చెప్పక్కర్లేదు. సరిహద్దు దాటి పని చక్కబెట్టుకునే అలవాటు ఈ ప్రాంతాన్ని ఇంకా వదల్లేదు.

మామ్మ తన పెళ్ళిని ఎప్పుడూ కష్టంగా చెప్పలేదు. పడవ, సోడా, సెంటు సీసా, కందబచ్చలి, అంతే. ఒక్కసారి తప్ప.

1979లో నాకు పదిహేడేళ్ళు. ఇంటర్ పరీక్షలు రాసి కూర్చున్నాను. అమలాపురం నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి బ్యాంకు ఉద్యోగి, వాళ్ళకి తొందరగా కావాలి. నాన్న మెత్తబడ్డారు. అంతకు ముందు ఏడాదే ఆడపిల్ల పెళ్ళి వయసు 18కి పెంచారు. అయినా ఆర్నెల్లు అటూ ఇటూ ఎవరు చూస్తారన్నారు. మామ్మ అప్పటిదాకా గోడకి ఆనుకుని వత్తులు చేసుకుంటోంది. తలెత్తకుండానే అంది:

"నన్ను పడవ ఎక్కించేటప్పుడు నేను నిద్రపోతున్నానురా. మా నాన్న భుజానేసుకుని ఎక్కించాడు. లేచేసరికి అవతలి గట్టు. దీన్ని ఎక్కడికి తీసుకెళ్తావు? ఇప్పుడు యానాం కూడా మనదేగా."

నాన్న ఏమీ అనలేదు. అమలాపురం వాళ్ళకి కార్డు రాసి పడేశారు. ఆ జులైలో నేను బి.ఎ.లో చేరాను.