వరి ఆకు మీది మచ్చ

చరిత్ర అనగానే మన విద్యార్థులకు రాజులు, యుద్ధాలు, సంధులు స్ఫురిస్తాయి. కంటికి కానరాని శిలీంధ్రానికి కూడా ఒక చరిత్ర ఉన్నది. వరిపంటే జీవనాధారమైన గంజాం జిల్లా బిడ్డలు దానిని తప్పక తెలుసుకోవాలి.

వరి ఆకులపై నువ్వుగింజలంత గోధుమరంగు మచ్చలు వేసి, గింజను తాలుగా మార్చే తెగులును మద్రాసు రాష్ట్రంలో 1919లోనే గుర్తించారు. గంజాం అప్పుడు ఆ రాష్ట్రంలోనిదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు బరంపురంతో సహా ఇటు చేరింది.

1942లో బెంగాలు వరిచేలను తుఫానుతో పాటు ఈ మచ్చతెగులు కూడా దెబ్బతీసింది. మరుసటి ఏడు వచ్చిన కరవులో 20 లక్షలకు పైగా జనం మరణించారు. 1943 అక్టోబరులో శిలీంధ్ర శాస్త్రజ్ఞుడుగా అక్కడ ఉద్యోగంలో చేరిన ఎస్.వై. పద్మనాభన్, 1973లో ప్రకటించిన వ్యాసంలో, కరవుకు ఈ తెగులే ముఖ్య కారణమని వాదించారు. ధాన్యపు కొరత కంటె, దానిని పొందగల శక్తి పేదలకు లేకపోవడమే అసలు కారణమని 1981లో అమర్త్యసేన్ వాదించారు. ఈ రెండు వాదాలనూ మన పిల్లలు కలిపి చదవాలి. పంటను కాపాడటం ఒక బాధ్యత, పండినదానిని ఆకలిగొన్నవాని చేతికి చేర్చటం మరొక బాధ్యత.

ఆ కరవు నేర్పిన గుణపాఠంతో 1946లో కటకంలో కేంద్ర వరి పరిశోధన సంస్థ వెలసింది. పద్మనాభన్ తరువాతి కాలంలో దానికి సంచాలకులైనారు.

ఒక జీవిలోని జన్యువులన్నింటి సముదాయాన్ని జీనోమ్ అంటారు. వరికి అగ్గితెగులు తెచ్చే శిలీంధ్రం జీనోమ్ 2005లో వెలువడింది. మచ్చతెగులు శిలీంధ్రాన్ని, మొక్కజొన్న మొదలైన పంటలను ఆశించే దాని దాయాదులతో 2013లో పోల్చి చూశారు. బ్రతకడానికి కావలసిన జన్యువులు చాలావరకు ఉమ్మడిగానే కనిపించాయి. విషపదార్థాలను తయారుచేసే జన్యువులు మాత్రం జాతికీ జాతికీ, ఒకే జాతిలో తెగకూ తెగకూ కూడా మారుతున్నాయి. ఆ దాయాదులలో ఒకదాని విషం వల్లనే 1970లో అమెరికాలో మొక్కజొన్న పంట సుమారు 15 శాతం నాశనమైంది. ఆ విషానికి లొంగే ఒకే రకపు విత్తనాన్ని దేశమంతటా చల్లుకోవడం వారి పాలిట శాపమైంది.

2016లో బంగ్లాదేశ్‌లో, అనగా ఆ పాత బెంగాలు గడ్డమీదనే, గోధుమకు అగ్గితెగులు మొదటిసారి సోకింది. శాస్త్రజ్ఞులు శిలీంధ్రపు జన్యుసమాచారాన్ని వెంటనే అందరికీ అందుబాటులో ఉంచి, పోల్చి చూచి, అది దక్షిణ అమెరికా నుండి వచ్చిందని ఆ సంవత్సరమే తేల్చారు. 1942 నాటి తెగులు కథ శాస్త్రలోకానికి సమగ్రంగా అందడానికి ముప్పై ఏండ్లు పట్టింది. ఈ రెండు సంఘటనల నడుమ విజ్ఞానం నడిచిన దూరం అంత!

అయినా తొలి మచ్చను చూచేది పరిశోధనశాల కాదు, పొలంగట్టున నిలిచిన రైతు కన్ను. ఆ రైతుల బిడ్డలే మన విద్యార్థులు. ఆకును పరిశీలించే చూపునూ, చూచినదానిని నలుగురికీ తెలిపే అలవాటునూ, నాటు విత్తనాల పట్ల గౌరవాన్నీ వారికి అమ్మభాషలో నేర్పగలిగితే, ఈ ప్లాటినం ఉత్సవం సార్థకమవుతుంది.