కుంచం అడుగు

పొగంతా అమ్మాయి కళ్ళలోకి పోతోంది, ఆ తుమ్మ మొద్దు కాస్త ఇటు తిప్పరా. ఊఁ, అట్టా. ఇంక దాన్ని కదిలించమాకండి.

ఇందాక ఈ పిల్ల అడిగింది, "తాతా, మొన్న మన గుడి కాడ మూడు రాత్రులు సభలు పెట్టారు గదా, అదేనా ఉజ్జీవం అంటే?" అని. షామియానాలు, సౌండు బాక్సులు, ప్రసంగీకుడు ఏడుస్తుంటే ఎనక నుంచి కీబోర్డు. జనం కూడా బాగానే ఏడ్చారు, కాదన్ను. అది ఉజ్జీవం కాదంటే పాస్టరు గారికి కోపం. అవునంటే నాకు నిద్ర పట్టదు. అందుకని మా పెదతాత సంగతి చెబుతా, మీరే తేల్చుకోండి.

పెదతాత అంటే మా తాతకు అన్న. నేను పుట్టేసరికే పోయినాడు. ఆయన గురించి నాకు తెలిసిందంతా మా నాయన చెప్పిందీ, మా అవ్వ చెప్పిందీనూ. ఇద్దరి మాటా ఒకటిగా ఉండేది కాదు. నాయన ఆయన్ని దేవుడి మనిషి అనేవాడు. అవ్వ మాత్రం, "మంచోడేలే, కాకపోతే శానా ఆలస్యంగా మంచోడయ్యాడు" అనేది. నాకెందుకో అవ్వ మాటే నిజమనిపిస్తది.

ఆయన వెల్లంపల్లిలో బాప్తిస్మం తీసుకున్నాడు. 1878 జులై 3. ఆ తారీకు మన ఇంట్లో పుట్టినరోజులకంటే గట్టిగా గుర్తు. అప్పటికి రెండేళ్ళుగా ధాత కరువు. గింజ లేదు, గడ్డి లేదు, పశువులు పోయినాయి, తర్వాత మనుషులు పోయినారు. ఒంగోల్లో అమెరికా బాప్టిస్టు మిషను క్లౌ దొర ఉండేవాడు. పాదిరి కాకముందు ఆయన వాళ్ళ దేశంలో భూములు కొలిచే సర్వే పని చేసినవాడు. అది ఇక్కడ అక్కరకొచ్చింది. సర్కారు తవ్విస్తున్న బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్ళ పైచిలుకు పని తానే కాంట్రాక్టు తీసుకొని, జనానికి కూలి ఇప్పించాడు. మేస్త్రీలు ఎవరనుకున్నారు? ఆయన బోధకులే. పగలు మట్టి కొలిచేవాళ్ళు, పని ఆపినప్పుడు వాక్యం చెప్పేవాళ్ళు. ఎండలో మట్టి మోసి మోసి నీడన కూలబడ్డ మనిషికి, బరువు మోసేవాళ్ళంతా నా కాడికి రండి అని పిలిచినాయన సంగతి చెబితే ఎట్టా ఉంటదో మీరే అనుకోండి.

జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. దొర ఇవ్వనన్నాడు. కరువు ఉన్నన్నాళ్ళూ, ఏడాది మీద మూడు నెలలు, ఒక్కళ్ళని కూడా నీళ్ళలో దించలా. గంజి కోసం వచ్చినోడెవరో, ప్రభువు కోసం వచ్చినోడెవరో తెలియదని ఆయన భయం. ఆ భయం న్యాయమైందే. సాయం పని ఆగిపోయినాక, ఇంక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పి, జనాన్ని వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మ ఒడ్డుకు రమ్మన్నాడు. డబ్బు లేదంటే పోతారనుకున్నాడో ఏమో. వాళ్ళు పోలా. కాలవ తవ్వి కాయలు కాచిన అరచేతులు చూపించారంట, మేం అడుక్కోవడానికి రాలేదని.

జులై 2న 614 మంది. 3న 2,222 మంది. 4న 700. మొత్తం మూడు రోజుల్లో 3,536. ఆ 3వ తారీకున ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు వంతులేసుకొని ఏట్లో దిగి ఇచ్చారు. దొర ఆ రోజు నీళ్ళలో దిగనే లేదు. ఆ 2,222 లెక్క లోకమంతా పాకింది, పుస్తకాలకెక్కింది. ఆ లెక్కలో మా పెదతాత ఒకడు. ఇరవై ఏళ్ళ పిల్లాడు. చచ్చేదాకా చెప్పుకున్నాడంట, "నేను రెండువేల రెండొందల ఇరవై రెండులో వాణ్ణి" అని.

ఊరికే నీళ్ళలో దిగడం కాదురా అది. క్లౌ దొర కాడ మూడు కట్టుబాట్లుండేయి. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఇప్పుడు వింటే ఇవేం పెద్ద సంగతులా అనిపిస్తాయి మీకు. ఆనాడు మాదిగపల్లె మనిషికి మూడూ ప్రాణం మీది సంగతులే. ఆదివారం పనికి రానంటే ఆసామి ఊరుకుంటాడా? జాతరలో డప్పు కొట్టనంటే ఊరు ఊరుకుంటదా? బావుల కాడికి రానివ్వలా, లేనిపోని కేసులు పెట్టారు, గొడ్లను తోలుకుపోయారు. ఇదంతా తెలిసే, మనకంటే ముందు తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్య గారు నిలబడ్డాడు. తోళ్ళ వ్యాపారం చేసుకునే మనిషి, యోగ మార్గంలో దేవుణ్ణి వెతికి వెతికి, ఆఖరికి క్రీస్తు కాడ ఆగాడు. ఆయన ఎనకే మన పల్లెలన్నీ. ఆ పెద్దల ధైర్యం ముందు నేనెంతోణ్ణి.

అయితే ఒక మాట. ఆ మూడు కట్టుబాట్లలో కుంచం సంగతి లేదు.

మా పెదతాత కూడా తోళ్ళ బేరంలో దిగాడు. నాలుగు డబ్బులు చేసుకున్నాడు. చేతిలో డబ్బు ఆడేసరికి పల్లెలో గింజలు అప్పివ్వడం మొదలెట్టాడు. విత్తనాల నాడు జొన్నలో వరిగలో కొలిచిస్తాడు, కళ్ళం నాడు వడ్డీతో కొలిపించుకుంటాడు. ఆయన కాడ ఇనప కుంచం ఒకటి ఉండేది. దాని అడుగును సుత్తితో లోపలికి కొట్టించాడు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. చెయ్యి లోపల పెట్టి తడిమితే తెలుస్తది, ఉబ్బి ఉంటది. ఇచ్చేటప్పుడు ఆ కుంచంతో తలకొట్టి కొలుస్తాడు. తీసుకునేటప్పుడు మంచి కుంచం తెచ్చి, గుట్టగా పోయిస్తాడు. ఇటు గుప్పెడు, అటు రెండు గుప్పిళ్ళు. ఇచ్చేదీ మనవాళ్ళకే, తీసుకునేదీ మనవాళ్ళ కాడే. ఆదివారం మాత్రం పనిలోకి పోడు. గుడిలో ముందు చాప ఆయనదే. సంఘ పెద్ద.

పల్లెకు తెలియదా అంటే, అందరికీ తెలుసు. ఆకలి మీద ఉన్నోడు కుంచం అడుగు తడిమి చూస్తాడా?

ఇట్టా ఇరవై ఎనిమిదేళ్ళు గడిచినాయి.

1904లో వేల్స్ దేశంలో ఒక కదలిక వచ్చింది, ఉజ్జీవం అన్నారు దాన్ని. మరుసటేడు ఖాసీ కొండల సంఘాలకు పాకింది. 1906లో మన తెలుగు జిల్లాలకొచ్చింది. రాత్రులు రాత్రులు ప్రార్థనలు, మనుషులు లేచి నిలబడి, తాము చేసిన పాపాలు పేర్లు పెట్టి ఒప్పుకోవడం. మన ఉపదేశి ఒంగోలు పోయి, అదంతా చూసి వచ్చాడు. తిరిగొచ్చినాక మన తాటాకు గుడిలో ప్రసంగమే చెయ్యలేదంట. తాను పిల్లల బడి హాజరు పట్టీలో రాని పిల్లల్ని కూడా వచ్చినట్టు వేసి, మిషను కాడ మెప్పు పొందానని చెప్పి కూర్చున్నాడు. అంతే. కిరసనాయిలు బుడ్డి వెలుగుతోంది, ఎవరూ మాట్లాడలేదు. మా నాయన అప్పటికి ఏడెనిమిదేళ్ళవాడు, తల్లి ఒళ్ళో తలపెట్టి పడుకొని చూస్తున్నాడు.

పెదతాత మొదటి రాత్రి ఏడ్చాడు. రెండో రాత్రీ ఏడ్చాడు. "నేను పాపిని, ఘోర పాపిని" అన్నాడు. ఏ పాపమో చెప్పలా. మా అవ్వ ఇక్కడ నవ్వేది: "ఘోర పాపి అనడం శానా తేలిక రా, కుంచం అనడం కష్టం" అని. మూడో రాత్రి సగంలో లేచి ఇంటికి పోయినాడు. అలిగి పోయాడనుకున్నారు. కాసేపటికి ఆ కుంచం చంకలో పెట్టుకొని వచ్చాడు. గుడి మధ్యలో బోర్లించి, చెయ్యి పట్టి ఒక్కొక్కరి చేతా ఆ అడుగు తడిమించాడు. ముసలోళ్ళ చేత, ఆడోళ్ళ చేత, పిల్లల చేత కూడా. మా నాయన చెయ్యి కూడా పట్టుకున్నాడంట. ఆయన అరచెయ్యి చెమటతో చల్లగా ఉందని నాయన చెప్పేవాడు. తర్వాత బయట రాయి తీసుకొని ఆ కుంచాన్ని సొట్టలు పడేదాకా మోదాడు.

ఆ రాత్రితో కథ అయిపోతే, అది మొన్నటి మన సభల లాంటిదే అయ్యేది. అసలు సంగతి తెల్లారినాకే.

పొద్దున్నే ఉపదేశి కాడికి పోయి, "నేను ఎంత ఇవ్వాలి?" అన్నాడు. ఉపదేశి లేవీయకాండం తీశాడు. అన్యాయంగా తీసుకున్న సొమ్ము మొత్తం తిరిగిచ్చి, దానిమీద అయిదో వంతు కలపాలని ఉంది అందులో. జక్కయ్య అయితే నాలుగింతలన్నాడు. పెదతాత అయిదో వంతుకే ఒప్పుకున్నాడు. అవ్వ అనేది, "అక్కడ కూడా బేరమే" అని. లెక్క పుస్తకాలు ఏవీ? నోటి లెక్కలే. ఇంటింటికీ పోయి, మీరు ఎన్నిసార్లు తీసుకున్నారు అని అడిగి, వాళ్ళు చెప్పిందే లెక్క అన్నాడు. కొందరు ఎక్కువ చెప్పారు. చెప్పనీ అన్నాడు. జత ఎద్దుల్ని అమ్మాడు. పెద్దవ్వ, అంటే ఆయన భార్య, నట్టింట్లో కూర్చొని శోకాలు పెట్టింది, నువ్వు దొంగతనం చేస్తే నా పిల్లలు పస్తుండాలా అని. ఆమె మాటలోనూ న్యాయముంది. ఆ ఇంట్లో రెండేళ్ళు గంజే అయింది.

అందరూ తీసుకున్నారు. ఒక్క ముసలమ్మ తీసుకోలా. వరసకి పెదతాతకు అత్త అవుతది. అంతకు కొన్నేళ్ళ ముందు వానలు లేని ఏట, ఈయన కాడే గింజలు తెచ్చుకుంది. ఆ ఏడే ఆమె ఆఖరి బిడ్డ పోయింది. గంపెడు జొన్నలు తెచ్చి గుమ్మంలో పెడితే, ఆమె గంపకేసి చూడను కూడా చూడలేదంట. "బిడ్డ అడిగిననాడు కుండలో గింజ లేదు. ఇయ్యాల గంప తెచ్చావు. ఎవరికి పెట్టను?" అంది.

దానికి లేవీయకాండంలో లెక్క లేదు రా.

ఆయన వెంటనే గంప తిప్పుకుపోలా, అక్కడే వదిలీ పోలా. సాయంత్రం దాకా గుమ్మం బయట కూర్చొని, చీకటి పడ్డాక గంపతో లేచిపోయాడు. ఆ తర్వాత ఆమె చెలక ఎకరం ఈయనే దున్నేవాడు. ఆమె దున్నమనలేదు, వద్దనీ అనలేదు. ఇంటి మీద తాటాకు మార్చేవాడు. గుడిలో ముందు చాప వదిలేశాడు, తలుపు కాడ కూర్చునేవాడు. నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల జరిగితే, రొట్టె పళ్ళెం తన కాడికి రాకముందే లేచి బయటికి పోయేవాడు. పాస్టరు గారు ఒంగోలు నుంచి వచ్చినప్పుడు పిలిచి చెప్పారంట, క్షమించేది ప్రభువయ్యా, ఆయన నిన్ను ఎప్పుడో క్షమించాడు, బల్లలోకి రా అని. "ప్రభువు క్షమించాడండీ. అత్త ఇంకా క్షమించలేదు. అర్పణ బలిపీఠం కాడ వదిలి ముందు పోయి సమాధానపడమని తమరే గదండీ చెప్పింది" అన్నాడంట. పాస్టరు గారు ఇంక మాట్లాడలా.

ఎన్నేళ్ళు అట్టా జరిగిందో నాయనకూ సరిగ్గా గుర్తులేదు. ఒక మొదటి ఆదివారం, ఈయన లేచి బయటికి పోతుంటే, ఆడోళ్ళ వైపు నుంచి ఆ ముసలమ్మ గొంతు వినపడింది. "ఒరేయ్, నువ్వు పోతే నేనూ తీసుకోను. కూర్చో." అంతే అంది. క్షమించానని అనలా. ఆయన కూర్చున్నాడు. పళ్ళెం వచ్చింది, తీసుకున్నాడు. ఆ తర్వాత కూడా ఆమె ఆయనతో పెద్దగా మాట్లాడిందేమీ లేదంట. పొలం మాత్రం ఆయనే దున్నాడు, ఆమె పోయేదాకా.

ఆ సొట్టలు పడ్డ కుంచాన్ని నేను చూశా. మా అవ్వ దాంట్లో కోళ్ళకు నీళ్ళు పోసేది.

నా వయసులో నేను బక్త్ సింగ్ గారి సభలు చూశా. ఆయన పంజాబు సిక్కు. కుర్రతనంలో ఎవరో బైబిలు బహుమానంగా ఇస్తే, అట్ట బాగుందని అట్ట ఉంచుకొని లోపలి కాగితాలు చించేశాడంట. తర్వాత కెనడాలో చదువుకుంటూ, 1929లో కొత్త నిబంధన చదివి మారినాడు. మారినాక తానే ఆ అట్ట సంగతి చెప్పుకున్నాడు. అట్ట దాచుకున్నోళ్ళు మనలోనూ శానా మందే ఉన్నారు, నాతో కలిపి.

ఎల్లుండి కొత్త ఏడాది వాచ్ నైట్. పన్నెండు కొట్టంగానే వాగ్దాన కార్డులు పంచుతారు. అందరికీ దీవెనలే వస్తాయి: నిన్ను హెచ్చిస్తాను, నీ కొట్లు నింపుతాను. నేను ఇన్నేళ్ళుగా చూస్తున్నా, అయిదో వంతు కలిపి తిరిగివ్వమన్న వాక్యం ఒక్క కార్డు మీదైనా వచ్చిన పాపాన పోలా. ప్రింటు వేసేవాళ్ళకు గిట్టదు గామోసు.

మన ఇంటి సంగతి కూడా ఒకటుంది. నువ్వు దాచుకోమాక, అందరికీ తెలుసు. మీ నాయనా, ఈ పిల్ల వాళ్ళ నాయనా, నా కొడుకులిద్దరూ, బోరు కాడ మోటారు డబ్బుల లెక్క మీద మాటలు మానేసి ఏడాది దాటింది. ఎల్లుండి ఇద్దరూ తెల్లబట్టలు వేసుకొని ఒకే బల్ల కాడికి వస్తారు. నేను దాన్ని చూడదలుచుకోలా. లేవండి, ఒకరు ఆ ఇంటికీ ఒకరు ఈ ఇంటికీ పొండి. తాత రమ్మన్నాడని చెప్పండి. మోటారు రసీదు తెమ్మనండి. రేపు కాదు, ఇప్పుడే.